గొడవకి వెళ్ళి సొరకాయ ఎక్కాను

శనివారం పొద్దున ఆరింటికి పక్కింట్లో గ్రైండర్ మోగితే మనిషికి ఒళ్ళు మండుతుందా, మండదా? నాకు మండింది. పిండి రుబ్బే గ్రైండర్ కాదు, ఇనుము కోసే గ్రైండర్. వారమంతా మీటింగులతో వేగిపోయి, ఆ ఒక్క పూటా ఎనిమిదింటి దాకా పడుకుందామనుకుంటే, గోడ అవతల నుంచి పళ్ళు జివ్వుమనే చప్పుడు. చాండ్లర్‌లో ఆగస్టు నెల ఎడారి ఎండకి తొమ్మిది దాటాక గరాజ్‌లో నిలబడడం ఎవరి వల్లా కాదు. అందుకే ఇక్కడ అందరూ తెల్లారగానే పనులు చేసుకుంటారు. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన నిద్ర పడుతుందా?

నాలుగో శనివారం లేచి కూర్చున్నాను. "ఇవాళ వెళ్ళి కడిగేసి వస్తాను," అన్నాను మా ఆయనతో.

ఆయన దుప్పటి తియ్యకుండానే, "నువ్వా? వెళ్ళు వెళ్ళు. ఏం పట్టుకొస్తావో చూద్దాం," అన్నారు.

ఆ మాటకి కారణముంది. నాకు కోపం ఎక్కువ, మొహమాటం అంతకంటే ఎక్కువ. కోపమంతా ఇంట్లోనే. గడప దాటానంటే మొహమాటమే. ఒకసారి షాపుకి చెప్పులు రిటర్న్ చెయ్యడానికి వెళ్ళి, ఆ అమ్మాయి నవ్వుతూ పలకరించిందని ఇంకో జత కొనుక్కుని వచ్చాను. ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రోజంతా ఎవరెవరి పనిలోనో తప్పులు పట్టి "ఇది పనిచేయదు" అని నిర్మొహమాటంగా రాసి పంపిస్తాను. రాయడానికేం, ఎంతైనా రాస్తాను. ఎదురుగా మనిషి నిలబడి నవ్వితే మాత్రం నోరు పెగలదు.

పక్కింటాయన రిటైరయిన మెషినిస్టు. డెబ్భై దాటి ఉంటాయి. నన్ను చూడగానే గ్రైండర్ ఆపి, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని, "మా చప్పుడుకి లేచిపోయారా?" అని ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా అడిగాడు. నాలుగు వారాలుగా తయారు చేసుకున్న ఉపన్యాసం గొంతులోనే ఉండిపోయింది.

"అబ్బే, లేదు లేదు. నేను రోజూ ఐదింటికే లేస్తాను," అన్నాను.

ఆయన వెనక నేల మీద ఒక వింత బండి ఉంది. ఇంజను లేదు, బ్యాటరీ లేదు, మనిషి కాళ్ళతో తొక్కితేనే నడుస్తుంది. రెండే చక్రాలు. అందులో కూర్చోరు, కాళ్ళు ముందుకి చాపి వెల్లకిలా పడుకుని తొక్కుతారు. గాలి అడ్డుకోకుండా పైనంతా తెల్లటి డొప్ప మూసేస్తారు. మొహం ముందు మాత్రం చిన్న అద్దం. అచ్చం పెద్ద సొరకాయలా ఉంది. మూడేళ్ళుగా కడుతున్నాడట, ఈ నెల రోజులూ చివరి మార్పులట. అక్టోబర్‌లో కారులో గంట దూరంలో ఉన్న ట్రాక్ మీద రేసు. జట్టుకి ఒక మగ, ఒక ఆడ. ఇద్దరూ మార్చి మార్చి తొక్కాలి. మగ రైడర్ ఆయన స్నేహితుడు, రిటైరయిన పోస్ట్‌మాన్. రెండో రైడర్‌గా పక్కింటాయన భార్యే తొక్కాల్సింది. తీరా బండి తయారయ్యే వేళకి ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది.

ఆవిడ చేతికర్ర పట్టుకుని బయటికొచ్చి, బనానా బ్రెడ్ అనే అరటిపళ్ళ కేకు ముక్క ఒకటి నా చేతిలో పెట్టింది. ఒకళ్ళింట్లో తింటూ ఆ ఇంటివాళ్ళ మీదే అరిచే పెంపకం కాదు నాది. నా నోటి నిండా బ్రెడ్ ఉండగా ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, "మీరు ఇందులో సరిగ్గా సరిపోతారు! మా జట్టులో చేరిపోకూడదూ?" అన్నాడు.

"షూర్," అన్నాను.

"సైకిల్ అలవాటేగా?"

"యా, యా."

భార్యాభర్తలిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. సంతోషమనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన కాఫీ కలుపుకుంటున్నారు. "ఏం, దులిపేశావా?"

"రేసులో తొక్కుతానని చెప్పి వచ్చాను."

కాఫీ స్పూన్ కింద పడింది. "నీకు సైకిల్ రాదు కదే!"

రాదు. పదేళ్ళప్పుడు గుంటూరులో అద్దె సైకిల్ తీసుకుని నేర్చుకోబోయి, రేషన్ షాపు ముందు మురిక్కాలవలో పడ్డాను. కిరసనాయిలు క్యూలో ఉన్న జనమంతా పగలబడి నవ్వారు. నన్ను చెయ్యి పట్టి పైకి లాగినాయన కూడా నవ్వాడు. తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత సైకిల్ జోలికి పోతే ఒట్టు. బస్సులు, ఆటోలు, తర్వాత కార్లు. నలభై మూడేళ్ళొచ్చాయి, ఎక్కడా పని ఆగలేదు.

"వచ్చే శనివారం వెళ్ళి రాదని చెప్పెయ్," అన్నారు మా ఆయన.

చెప్పడానికే వెళ్ళాను. ఉత్త చేతులతో ఏం బావుంటుందని ఒక డబ్బా నిండా పులిహోర కలిపి పట్టుకెళ్ళాను. ఒకవేళ చెప్పలేకపోతే ఉంటాయని కొత్త షూస్ వేసుకున్నాను. ఆ షూస్ చూసి ఇద్దరూ మళ్ళీ మొహాలు చూసుకున్నారు. నేను నోరు తెరిచేలోపే సొరకాయని వ్యాన్‌లోకి ఎక్కించేశారు.

మూతపడిన ఒక పెద్ద షాపు ముందు ఖాళీ పార్కింగ్ లాట్‌లో ప్రాక్టీసు. కెప్టెన్, అంటే పక్కింటాయనే, నన్ను బండిలో పడుకోబెట్టి వెనక నుంచి పట్టుకుని తోశాడు. వదిలాడు. పడ్డాను. మళ్ళీ తోశాడు, మళ్ళీ పడ్డాను. నేలకి జానెడెత్తులో ఉన్నాను కాబట్టి దెబ్బలు లేవు, పరువు మాత్రం గంగలో కలిసింది. అసలు సైకిల్ వచ్చా అని ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు అనుకున్నాను. ఆయన అడగలేదు. పైగా ఓదార్చాడు.

"మామూలు సైకిల్‌కి అలవాటు పడ్డవాళ్ళందరికీ ఇంతే. ఆ సైకిల్ తొక్కడం పూర్తిగా మర్చిపోండి. అదొక్కటే కష్టం," అన్నాడు.

మర్చిపోవడానికి నాకేముంది గనక? పదిహేను రోజుల్లో వచ్చేసింది. ముప్ఫై ఏళ్ళు సైకిల్ తొక్కిన పోస్ట్‌మాన్‌కి రెండు నెలలు పట్టిందట. ఆయన నాకేసి కాస్త గుర్రుగా చూశాడు. కెప్టెన్ మాత్రం ఉబ్బితబ్బిబ్బయిపోయి "మీది పుట్టుకతో వచ్చిన విద్య," అన్నాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆ మూడేళ్ళ కష్టాన్ని నా "యా, యా" మీద నిలబెట్టుకుని ఆయన కలలు కంటున్నాడు.

ఇంకా నా గుట్టు బయటపడకపోవడానికి ఒక కారణముంది. డొప్ప మూసేస్తే రైడర్ కాలు కింద పెట్టడానికి వీలుండదు. బయలుదేరేటప్పుడు ఒకరు పట్టుకుని తోస్తారు, ఆగేటప్పుడు ఒకరు పట్టుకుంటారు. తనంతట తాను బయలుదేరడం, ఆగడం అనే రెండు ముక్కలు రాకపోయినా గడిచిపోతోంది. ప్రతి శనివారం నేను పులిహోర పట్టుకెళ్ళడం, వాళ్ళు బనానా బ్రెడ్ పెట్టడం, ఇలా ఆరు వారాలు సాగింది. కెప్టెన్ నా పులిహోరని ముద్దముద్దకీ మంచినీళ్ళు తాగుతూ తినేవాడు. ఎంత ఇష్టమో పాపం అనుకునేదాన్ని.

ఏడో వారం రూల్స్ పుస్తకం నా చేతిలో పెట్టారు, టెస్టింగ్ మనిషిని కదా, ఏదీ వదలకుండా చదువుతానని. నేనూ వదలకుండానే చదివాను. పదకొండో పేజీలో నా ప్రాణం పోయింది. రేసు ముందు ప్రతి రైడరూ, డొప్ప తీసేసి, ఎవరి సాయమూ లేకుండా బయలుదేరాలి, నెమ్మదిగా తిన్నగా వెళ్ళాలి, గీత దగ్గర ఆగి కాలు కింద పెట్టాలి. రెండే అవకాశాలు. ఒక్కరు తప్పినా ఆ బండి రేసులో ఉండదు.

"ఇప్పుడైనా చెప్పవే తల్లీ!" అన్నారు మా ఆయన.

"వారం రోజుల ముందా? ఇప్పుడెవరు దొరుకుతారు వాళ్ళకి? మీరే నేర్పండి," అన్నాను.

గరాజ్‌లో వేలాడుతున్న ఆయన సైకిల్ దించి, సాయంత్రాలు పెరట్లో కంకర మీద నేర్చుకోవడం మొదలుపెట్టాను. మూడో రోజు తిన్నగా వెళ్ళి నాగజెముడులో పడ్డాను. మా ఆయన ముళ్ళు తీస్తూ నవ్వుతున్నారు, నవ్వుతూ తీస్తున్నారు. "నవ్వితే చంపేస్తాను," అని అరిచాను. పక్కింటివాళ్ళ మేడమీది కిటికీలోంచి మా పెరడంతా కనిపిస్తుందన్న సంగతి ఆ వేడిలో తట్టలేదు.

రేసు రోజు రానే వచ్చింది. ఇన్‌స్పెక్టర్ చేతిలో అట్ట పట్టుకుని నిలబడ్డాడు. పోస్ట్‌మాన్ చకచకా చేసేశాడు. తర్వాత నేను. పడుకున్నాను, ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడల్ మీద. తొక్కాను. బండి రెండడుగులు వెళ్ళి, ఇన్‌స్పెక్టర్ బూట్ల మీద ఒరిగిపోయింది.

ఆయన వంగి, "అమ్మా, మీరు సైకిల్ తొక్కడం మొదలుపెట్టి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

చుట్టూ చూశాను. కెప్టెన్ ఉన్నాడు, ఆయన భార్య ఉంది, మా ఆయన ఉన్నారు. నోట్లో బ్రెడ్ లేదు.

"ఏడు వారాలు," అన్నాను. "అంతకుముందు నాకు రాదు. అబద్ధం చెప్పాను. కాదనలేక చెప్పాను." చెబుతూండగానే ఏడుపొచ్చేసింది. కెప్టెన్ మూడేళ్ళ బండి అలా పక్కకి ఒరిగి ఉంది.

కెప్టెన్ భార్య అంది, "మాకు తెలుసు. ముళ్ళ చెట్టు రోజున కిటికీలోంచి చూశాం."

"మరి అడగలేదేం?"

ఆవిడ చేతికర్ర వంక చూసుకుంది. "ఎలా అడుగుతాం? అసలు మొదటి రోజు మీరు చాలా కోపంగా వచ్చారు. కాస్త నవ్విద్దామని ఊరికే అన్నారీయన, జట్టులో చేరమని. మీరు కాదంటారనే అనుకున్నాం. టూసాన్‌లో మా చెల్లెలు తొక్కడానికి సిద్ధంగా ఉంది. మరుసటి వారానికి మీరు కొత్త షూస్ వేసుకుని, అంత అన్నం వండుకుని వచ్చేశారు. వద్దని ఎలా చెప్తాం? చెల్లెలికే వద్దని చెప్పాం."

నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. మొహమాటం మా ఇంటి జబ్బనుకున్నాను ఇన్నాళ్ళూ. ఊరికే అన్నారట! ఊరికే అన్న మాటకి నేను ముళ్ళలో పడ్డాను! నలభై ఏళ్ళలో మొదటిసారి నా కోపం ఇంటి గడప దాటింది.

"ఊరికే అంటారా?" అన్నాను కెప్టెన్‌తో. "నేను ఆ రోజు మీ గ్రైండర్ గురించి గొడవ పెట్టుకుందామని వచ్చాను, తెలుసా? ప్రతి శనివారం ఆరింటికి ఆ చప్పుడేమిటి? మనుషులు నిద్రపోవద్దా? నేను ఐదింటికి లేవను. ఏ రోజూ లేవలేదు!"

మా ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నారు. కెప్టెన్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఇన్‌స్పెక్టర్ మెల్లగా, "ఇంకో అవకాశం ఉంది," అన్నాడు.

"తెలుసు, పదకొండో పేజీ," అన్నాను.

బండి లేపాను, పడుకున్నాను, ఒక్క తోపు తోశాను. కోపంలో ఏం చేశానో నాకే తెలియదు. బండి కదిలింది, వంకర్లు పోయింది, తిన్నగా వెళ్ళింది. గీత దగ్గర బ్రేకు నొక్కి కాలు కింద పెట్టాను. పెట్టి, అలాగే ఉండిపోయాను, తీస్తే ఎక్కడ పడిపోతానో అని. ఇన్‌స్పెక్టర్ అట్ట మీద టిక్కు పెట్టాడు.

రేసులో నా వంతు అరగంట. డొప్ప మూశారు, తోశారు, వదిలారు. లోపల నా ఊపిరి నాకే వినబడుతోంది, రోడ్డు నడుం కింద నుంచి జర్రున పోతోంది. రెండో రౌండులో రేషన్ షాపు క్యూ గుర్తొచ్చింది. రండర్రా, ఇప్పుడు నవ్వండి, అని గట్టిగా అరిచాను. డొప్పలోంచి ఎవరికీ వినబడదు కదా. ఏడ్చాను కూడా, సంతోషంతోనే. మేం ఆరు జట్లలో ఐదో స్థానంలో వచ్చాం. ఆరో జట్టుకి చైన్ తెగింది. బండి ఆగగానే కెప్టెన్ డొప్ప ఎత్తి, కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

ఆ తర్వాతి శనివారం ఆరింటికి మెలకువ వచ్చింది. చప్పుడు లేదు. ఆరున్నర అయింది, లేదు. అటు దొర్లాను, ఇటు దొర్లాను. ఏడింటికి లేచి షూస్ వేసుకున్నాను.

"మళ్ళీ గొడవకా?" అన్నారు మా ఆయన.

"అవును."

గరాజ్ తలుపు ఎత్తి ఉంది. కెప్టెన్ దంపతులు సొరకాయ పక్కన కాఫీ కప్పులతో ఊరికే కూర్చుని ఉన్నారు.

"గ్రైండర్ ఏది?" అన్నాను.

"మీరు నిద్రపోవాలన్నారుగా. తొమ్మిదింటికి మొదలుపెడదామని," అన్నాడాయన.

"నాకు నిద్ర పట్టట్లేదు. మొదలుపెట్టండి."

ఆయన ఒక్క ఉదుటున లేచాడు. ఆవిడ ఎప్పటిలాగే బనానా బ్రెడ్ ప్లేటు చాపింది. చెయ్యి చాచబోయి ఆగాను.

"వద్దండీ. నాకది మొదటి రోజు నుంచీ నచ్చలేదు," అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "అమ్మయ్య! మరైతే మేం కూడా ఒకటి చెప్పొచ్చా? మీరు తెచ్చే ఆ పసుపు అన్నం..."

"చెప్పొద్దు," అన్నాను.