రెండో నంబరు కొలతలు

ల్యాబ్‌లో పిల్లలు ఏ తప్పు చేసినా ఓర్చుకుంటాను కానీ, ఒక్క తప్పుకు మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. బైనరీ ఫైల్లో ఉన్న అంకెను చదివి, వెనక్కి జరగకుండానే కొత్త అంకె రాసేయడం. ఒక అంకెను చదవగానే ఫైలు దాని పక్క అంకె దగ్గరికి జరిగి నిలబడుతుంది. అక్కడే రాసేస్తే మార్చాల్సింది మారదు, పక్కది పాడవుతుంది. ముందు ఒక అడుగు వెనక్కి వేయించాలి, తర్వాత రాయాలి. సీ లాంగ్వేజ్ నేర్చుకునే ప్రతివాళ్ళూ ఏదో ఒక రోజు ఈ గోతిలో పడతారని తెలుసు. నేనూ పడ్డాను. అయినా కసురుతాను.

నేను పడింది ఉప్పుగూడలో, మా ఇంటి ముందు గదిలో. ఆ గదే అమ్మ టైలరింగ్ షాపు. అమ్మ జాకెట్లు కుట్టేది. రైలు పోయినప్పుడల్లా గోడకు తగిలించిన కత్తెర ఊగేది కానీ ఆమె మిషన్ మాత్రం ఆగేది కాదు. ఎవరి జాకెట్టుకైనా లోపలి వైపు గుడ్డ మిగిల్చి కుట్టేది. "లోపల గుడ్డ ఇడువనోడు టైలరే కాదు. మనిషన్నంక ఒక్కతీరుగ ఉంటదా?" అనేది.

కొలతలన్నీ, అమ్మ మాటలో నాప్‌లన్నీ, ఒక పొడుగాటి బుక్కులో ఉండేవి. నూనె మరకలు పడి, పేజీలు చిరిగి, ఒకరి నడుము ఇంకొకరి చేతి కిందకి వచ్చేది. నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఇంట్లో కనిపించిన ప్రతిదానికీ ప్రోగ్రాం రాయాలనిపించే రోజులు.

"నీ బుక్కు మొత్తం కంప్యూటర్ల పెడ్తనే అమ్మా" అన్నాను.

"పెట్టుకో. నా టేపు మాత్రం నాకుండనీ" అంది.

ఒక్కొక్కరికీ ఒక నంబరు, నంబరుకు తొమ్మిది కొలతలు, తొమ్మిదీ కలిసి ఫైల్లో ఒకే వరుస. అంగుళాల్లో అరలూ పావులూ వస్తాయి కాబట్టి, అన్నిటినీ పావుల్లోకి మార్చి పూర్ణాంకాలుగా దాచాను. ముప్పై ఆరు అంగుళాలంటే నూట నలభై నాలుగు. అమ్మ రెండు రోజులు నన్ను తిట్టింది. మూడో రోజుకు తనే పావుల్లో మాట్లాడటం మొదలుపెట్టింది. ఒకటో నంబరు ఆమెకే ఇచ్చాను. ఆమె కొలతలు అంతకుముందు ఎక్కడా రాసి లేవు. తన జాకెట్టు తను కుట్టుకోవడానికి ఆమెకు కాగితం అక్కర్లేదు. రెండో నంబరు వెనక గల్లీలో ఉండే అత్తమ్మది. చుట్టం కాదు, అలా పిలిచేవాళ్ళం.

కొన్ని నెలలకు కొలతలు మార్చే భాగం రాశాను. ఎవరిమీద పరీక్షించాలా అని చూస్తుంటే అమ్మే లేచి నిలబడింది.

"నా మీదనే చూడు. దసరా నుంచి మస్తు ఒళ్ళు చేసిన. ఈ జాకెట్ల ఊపిరాడుతలేదు."

టేపు చుట్టాను. ఛాతీ నూట నలభై ఎనిమిది. నడుము నూట ముప్పై నాలుగు. చేతి చుట్టు యాభై ఒకటి. "సూడు, నీ తల్లి పహిల్వాన్ అయ్యింది" అని రెండు చేతులూ పైకెత్తి నవ్వింది. నేను కొత్త అంకెలు కొట్టాను. మార్పు జరిగిందని తెరమీద వచ్చింది. అది నేను రాయించిన మాటే కదా, ఎందుకు రాదు? మళ్ళీ తెరిచి చూడాలన్న బుద్ధి పుట్టలేదు.

వారం తర్వాత అత్తమ్మ ఎవరిదో పెళ్ళికని జాకెట్టు గుడ్డ ఇచ్చింది. అమ్మ కంప్యూటర్‌ను నమ్మి గుడ్డ కోసింది. అత్తమ్మ సన్నటి మనిషి. పెళ్ళి నాడు పొద్దున్నే జాకెట్టు తొడుక్కుని, జారుతున్న భుజాలను రెండు చేతుల్తో పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"ఏందే ఇది? ఇందుల ఇద్దరు పడ్తరు!"

ఆ లొల్లి గల్లీ చివరిదాకా వినిపించింది. అమ్మ అప్పటికప్పుడు కుట్లు బిగించి ఇచ్చింది. అత్తమ్మ పోతూ పోతూ నావైపు చూసి, "నీ కంప్యూటర్ నువ్వే తొడుక్కో. నా నాప్ బుక్కులనే రాయుర్రి" అంది.

రెండో నంబరు తెరిచి చూస్తే అందులో అమ్మ ఉంది. నూట నలభై ఎనిమిది, నూట ముప్పై నాలుగు, యాభై ఒకటి. ఒకటో నంబరులో పాత అంకెలు చెక్కుచెదరలేదు. గంటసేపు ప్రోగ్రాం చూశాను, ఏమీ అంతుపట్టలేదు. ఏడుపొక్కటే తక్కువ.

అమ్మ మిషన్ తొక్కుతూనే అడిగింది. "రాసేముందు పాత నాప్ సదివినవా?"

"సదివిన."

"సదివినంక ఏలు కింది లైనుకు జరిగి ఉంటది. బుక్కు సూసేటప్పుడు నాకు గట్లనే అయితది. ఏలు మల్ల మీదికి తెచ్చి రాయాలె."

నాలుగో తరగతి దాటని మనిషి. ఒక్క లైను చేర్చాను, ఫైలు బుద్ధిగా వెనక్కి జరిగి రాసింది. ఇప్పుడు క్లాసులో నేను చెప్పేది ఆ వేలి మాటే. అమ్మ చెప్పిందని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, అదొక దొంగతనం. ఆ రోజు ఒకటో నంబరు సరిచేశాను. రెండో నంబరు జోలికి మాత్రం సిగ్గుతో పోలేదు. అత్తమ్మకు బుక్కు ఉంది కదా అనుకున్నాను.

అప్పట్నుంచి ఎన్నిసార్లు మార్చినా ఆ ఫైలు ఒక్క బైటు కూడా పెరగలేదు. పాత అంకె ఉన్న చోటే కొత్తది కూర్చుంటుంది. దానికి నేను ఎంత మురిసిపోయేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పదేళ్ళ తర్వాత అమ్మకు జబ్బు చేసింది. దాని పేరు రాయను, దానికంత మర్యాద అక్కర్లేదు. మనిషి నెలనెలకూ చిక్కిపోయింది. అయినా షాపులో కూర్చునేది. "వదులు జాకెట్ తొడుక్కుంటే నా దగ్గర ఎవరు కుట్టిచ్చుకుంటరు?" అని నెలకోసారి నా చేత టేపు పట్టించుకునేది. నేను చూసేలోపే ఛాతీ కొలత తనే చెప్పేది. నూట ముప్పై. ఇంకో నెల, నూట ఇరవై నాలుగు. నేను ఒకటో నంబరు తెరిచి, చదివి, వెనక్కి జరిగి రాసేదాన్ని. ఒక్కసారి కూడా తప్పు చేయలేదు.

చివరిసారి, మంచం పట్టాక, నూట పద్దెనిమిది. నేను కొడుతుంటే పక్కన కూర్చుని అడిగింది. "కొత్తది రాస్తే పాతది ఏడికి పోతది?"

"ఏడికి పోదమ్మా. దాని మీదనే కొత్తది పడ్తది."

"బుక్కుల అయితే కొట్టేసినా కనవడుతుండె" అంది. నేను కంప్యూటర్ ఆపేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అమ్మ పోయాక పదకొండో రోజున ఆమె బట్టలన్నీ ఇచ్చేశాం. కొలతకు ఆదిగానైనా ఒక్క జాకెట్టు దాచుకోవాలని ఎవరికీ తట్టలేదు. మిగిలింది ఆమె పెట్టె. అందులో మడతలు విప్పని జాకెట్టు గుడ్డలు ఉన్నాయి. ఊరందరికీ కుట్టింది కానీ తనవి మాత్రం తర్వాత చూద్దామని దాచుకుంది.

మా ఇంట్లో పెత్రమాస నాడు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య రోజు, పోయినవాళ్ళ ఫోటో ముందు కొత్త బట్టలు పెడతారు. మొదటి ఏడు చీరా జాకెట్టు గుడ్డా పెట్టాం. ఆ గుడ్డను చూస్తుంటే నాకు నచ్చలేదు. ఆమె ఉంటే "కుట్టని గుడ్డ ఎట్ల తొడుక్కుంటరే?" అని ఉండేది. రెండో ఏడు వస్తుంటే, ఈసారి కుట్టించే పెడతానని బాపుతో అన్నాను.

"గుడ్డ పెడితే సాలదా? ఎవరు తొడుక్కుంటరు బిడ్డా?" అన్నాడు.

నేను ఫైలు తెరిచాను. ఒకటో నంబరు. నూట పద్దెనిమిది. కింద మిగతా ఎనిమిదీ అలాగే, మంచం మీది అమ్మవి. ఆ కొలతల్లో జాకెట్టు కుట్టిస్తే అమ్మను మళ్ళీ మంచం మీదే పడుకోబెట్టినట్టు. నాకు కావాల్సింది చేతులెత్తి నవ్విన మనిషి. పిల్లలకు రోజూ కాపీలు దాచుకోమని లెక్చర్లు దంచే నేను, అమ్మది ఒక్క పాత కాపీ ఉంచలేదు. నేనే, నా వేళ్ళతోనే, నెలకింత చెరిపాను. కుర్చీలో కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

అప్పుడు గుర్తొచ్చింది. రెండో నంబరు కొట్టాను.

నూట నలభై ఎనిమిది. నూట ముప్పై నాలుగు. యాభై ఒకటి.

పన్నెండేళ్ళుగా అక్కడే ఉంది, ఒళ్ళు చేసి, పక్కింటికి పోయి కూర్చున్నట్టు. తెర మీద చేయి పెట్టి ఉండిపోయాను. తప్పు లేకుండా రాసిన చోటల్లా పోయింది, తప్పు చేసిన ఒక్కచోట మిగిలింది. నాలుగుతో భాగించి, తొమ్మిది కొలతలూ అంగుళాల్లో చీటీ మీద రాసుకున్నాను.

మా గల్లీలో ఇస్తే ఎవరికని అడుగుతారు. అందుకని నయాపూల్ దాకా బస్సులో పోయి, అక్కణ్ణుంచి ఆటోలో హుస్సేనీ ఆలం వెళ్ళాను. అక్కడ ఒక ముసలి మాస్టర్ ఉన్నాడు, నేనెవరో ఎరగడు. అమ్మ పెట్టెలోంచి తెచ్చిన మెంతి రంగు గుడ్డ, చీటీ ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి చదివాడు.

"ఎవరి నాప్ బేటా ఇది?"

"మా అమ్మది, మాస్టర్ సాబ్."

"అమ్మీకి తీస్కొని రా ఒకసారి. మనిషిని సూడకుండ కోస్తే నాకు మంచిగ అనిపియ్యదు."

"ఆమె వచ్చేటట్టు లేదు" అన్నాను.

ఆయన చీటీ కింద పెట్టి నన్ను చూశాడు. "బీమార్ ఉందా? అచ్ఛా, ఫికర్ చెయ్యకు. లోపల గుడ్డ జర ఎక్కువ ఇడుస్త. బాగైనంక మల్ల ఒళ్ళు చేస్తది గద."

నిజం చెబుదామనే నోరు తెరిచాను.

"రెండు దిక్కుల అంగుళం ఇడువుర్రి మాస్టర్ సాబ్," అన్నాను, "మస్తు ఒళ్ళు చేస్తది."