కుంచెలు తుడిచిన చెక్క

“రంగును పేడలా మెత్తి పెడితే దాన్ని బొమ్మంటారా? రేపు పొద్దున్నే తిరిగి ఇచ్చెయ్యి!”

“అమ్మమ్మా, అలా థిక్‌గా వెయ్యడమే దాని స్టైల్! ఎప్పుడో ఒక డచ్ పెయింటర్ వేసిన పొలం. ఇది హ్యాండ్‌తో చేసిన కాపీ. నువ్వు ముక్కు ఆనించి చూస్తే ఏం కనిపిస్తుంది?”

“రంగుల సంగతి నాకు చెప్పకు. మీ తాతయ్య డబ్బాల మధ్యే కాపురం చేశాను.”

“తాతయ్య ఉంటే రిటర్న్ చెయ్యమనేవాడు కాదు!”

మనవరాలు ఆ మాట అనేసరికి అక్కణ్ణుంచి కదిలాను. అమెరికాలో, నోవై ఊళ్ళో ఉన్న మా అమ్మాయి ఇంట్లో నాకు ఎదురు చెప్పేవాళ్ళు తక్కువ. మెట్లెక్కి పై గదికి పోతూ, కోపం చల్లారక వెనక్కి తిరిగి చూశాను. అప్పటిదాకా పసుపు, పచ్చ, నీలం ముద్దలుగా ఉన్న ఆ నూనెరంగుల బొమ్మ, అంత దూరం నుంచి గాలికి ఒరిగిన గోధుమచేనుగా, పక్కన కాలువగా, పైన మబ్బులుగా విడివిడిగా కనబడింది. మెట్టు మీదే కూర్చున్నాను.

మా కాలం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఫ్లెక్సీలు రాకముందు దుకాణాల పేర్లన్నీ చేత్తో రాసినవే. తెనాలిలో మా ఆయన పని అదే. మూడో తరగతితో బడి మానేసిన నేను చదవడం మరిచిపోలేదంటే, ఆయన ఆరబెట్టిన బోర్డుల పుణ్యమే. కుంచెలు తుడవడానికి ఆయన ఒక చెక్క పెట్టుకునేవారు. దాని మీద అట్టకట్టిన రంగు చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. ఒకసారి మిఠాయికొట్టు బోర్డుకు పసుపు తక్కువై ఆయన బజారుకు వెళ్ళగా, వెనక వసారాలో గోడకు ఆనించిన చెక్కొకటి నా కంటబడింది. దాని నిండా చేతికి తగిలేంత మందాన పసుపు, ఇంకా పచ్చిగానే ఉంది. తుడుపుచెక్కే అనుకుని, మూకుడు అడుగు గీకినట్టు అట్లకాడతో అంతా గీకి గిన్నెలోకి తీసి, ఆయన రాగానే ఎంత మిగిల్చానో చూడమని గొప్పగా చూపించాను.

ఆయన గిన్నె వంక, చెక్క వంక చూసి, “దగ్గర్నుంచి చూశావు కదా, అందుకే” అని నవ్వారు. ఆ పసుపుతోనే మిఠాయికొట్టు పేరు రాశారు. వసారాలో తగిలించుకున్న పరదేశపు చేల క్యాలెండరును మర్నాడే తీసేశారు, ఎందుకని నేను అడగలేదు. బతికినన్నాళ్ళూ అక్షరాలు రాశారు గాని, మళ్ళీ బొమ్మ జోలికి పోలేదు. ఆ చెక్క మీద ఆయన వేసింది ఆ చేలనేనని ఇన్నేళ్ళకు, ఈ మెట్టు మీద నాకు తెలిసింది. ఇప్పుడు ఇంట్లో దేనికీ కొదవ లేదు, చేసింది ఒప్పుకుందామంటే వినే మనిషే లేరు.

బొమ్మను ఉంచుకొమ్మని కిందికి దిగి చెప్పాల్సింది. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు లేనిదాన్ని, పొద్దున చెబుదాంలే అనుకున్నాను.

పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి దిగేసరికి గరాజ్ తలుపు మూసుకుంటున్న చప్పుడు. హాల్లో గోడకు మేకు ఒక్కటే ఉంది.

“నువ్వు చెప్పావని రిటర్న్ చెయ్యడానికి తీసుకెళ్ళిందమ్మా. ఇంకా కోపమేనా?” అంది మా అమ్మాయి.

లేదన్నాను. కాఫీ కలుపుకున్నాను.