తువ్వాల కింద మూడు వేళ్లు

ఆ రోజుల్లో మా ఇంట్లో ధర అనేది వినడానికే గానీ ఇవ్వడానికి కాదు. అవతలివాడు రెండు వందలు అన్నాడంటే అది అతని అభిప్రాయం, అంతే. మా అభిప్రాయం మాకుంటుంది. రెండు అభిప్రాయాలూ ఎక్కడో ఒకచోట కలుసుకునేదాకా ఎండలోనైనా నిలబడి మాట్లాడుకోవడం మాకు మర్యాద. నిజామాబాద్ బజారులో మాది స్టీలు సామాన్ల దుకాణం. మేం అమ్మేటప్పుడు ఎవరైనా బేరం చేస్తే మా బాపు "ఇంత నమ్మకం లేకుంటే ఎట్ల" అని మొహం వేలాడేసేవాడు. మేం కొనడానికి వెళ్లినప్పుడు మాత్రం ఆ నమ్మకాన్ని ఇంట్లోనే తాళం వేసి వెళ్లేవాళ్లం. ఇంటిల్లిపాదిలో నాకు మరీ పేరు. ఇరవై రెండేళ్లకే చుట్టాలు చెప్పులు కొనడానికి కూడా నన్ను తోడు తీసుకెళ్లేవారు. (డిగ్రీ రెండుసార్లు తప్పాను. ఆ సంగతి చుట్టాలు చెప్పులు కొనేటప్పుడు ఎత్తేవారు కాదు.)

మా గల్లీలో ఇంకొక అలవాటు ఉండేది. మా తాత పసుపు మార్కెట్లో దలాలీ చేసినవాడు. అక్కడ పాత రోజుల్లో ధర నోటితో చెప్పేవారు కాదట. ఇద్దరి చేతుల మీదా తువ్వాల కప్పి, లోపల వేళ్లు పట్టుకుని బేరం తెగ్గొట్టుకునేవారు, పక్కవాడికి తెలియకుండా. చివరికి చెయ్యి మొత్తం పట్టి ఊపితే బేరం ఖాయమైనట్టే, ఇక దేవుడు దిగివచ్చినా మారదు. పసుపుతో సంబంధం లేకపోయినా మా గల్లీ దుకాణదారులు ఆ పద్ధతిని వదల్లేదు. టీ ఎవరు తెప్పించాలన్న దానికి కూడా తువ్వాల కప్పేవారు.

ఎదురు దుకాణం బోధన్ కాకది. గొడుగులు, టార్చిలైట్లు బాగుచేసేవాడు. వయసులో ఉన్నప్పుడు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసర్ల క్లబ్బులో పనిచేశాడు. అక్కడి టెన్నిస్ కోర్టుకు రోజూ పొద్దున సున్నంతో గీతలు గీసేవాడు. అంతే, బ్యాటు పట్టింది లేదు. అయినా టెన్నిస్ మాట వస్తే మా గల్లీలో ఆయనదే ఆఖరి మాట. "ఆడెటోనికేం తెలుస్తది? గీత గీసినోనికి తెలుస్తది, బంతి లోపట పడ్డదా బయట పడ్డదా" అనేవాడు. ఆ క్లబ్బు ముచ్చట రోజుకు నాలుగుసార్లయినా వినేవాళ్లం. ఆఫీసర్లు తెల్ల నిక్కర్లలో ఎలా వచ్చేవారో, ఫ్యాక్టరీ పొగగొట్టం నీడ కోర్టు మీద ఏ వేళకు పడేదో, ఎడపల్లి దిక్కు నుంచి చెరుకు బండ్లు వచ్చే వేళకు ఆట ఎలా ఆగిపోయేదో మా అందరికీ నోటికి వచ్చేసింది.

ఆ ఏడు ఆసియా క్రీడలు జరుగుతున్నాయి. మా గల్లీలో టీవీ ఒక్క గాజుల అక్క దుకాణంలోనే ఉండేది, గాజుల అరల మీద, కుంకుమ డబ్బాల పక్కన. క్రికెట్ లేని రోజులు కాబట్టి మేమంతా టెన్నిస్‌కు దిగాం. తెలియని ఆట గురించి మాట్లాడటంలో ఉన్న స్వేచ్ఛ తెలిసిన ఆట గురించి మాట్లాడటంలో ఉండదు. మొదటి రోజే నాకొక అనుమానం వచ్చింది.

"కాకా, పదిహేను, ముప్పై అన్నరు. తర్వాత నలభై అయిదు కావాలె గదా? నలభై అంటున్నరేంది? అయిదు ఎటు వోయింది?"

కాక కళ్లజోడు సర్దుకుని గంభీరంగా అన్నాడు. "తరుగు."

బస్తాకింత అని తరుగు తీయడం తెలిసిన గల్లీ అది. అందరూ అర్థమైనట్టు తలలూపారు. ఆ తర్వాత ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు. (నేను చాలా ఏళ్లపాటు అదే నిజమనుకున్నాను.)

సింగిల్స్‌లో మనవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఇంటిదారి పట్టారు. కాకకు పండగ. "సూసినవా? సొంత ర్యాంకు కోసమైతే పానం వెట్టి ఆడుతరు. దేశం అనంగనే మోకాలు నొస్తది. మా క్లబ్బుల ఇంజినీరు సాబ్, జ్వరమొచ్చినా ఆడెటోడు!"

"మీ ఇంజినీరు సాబ్ ఎవలతోని ఆడిండు కాకా, కెమిస్టు సాబ్‌తోని గదా?" అన్నాను. "గీళ్లు ఆసియా మొత్తంతోని ఆడాలె. సింగిల్స్ పోతే పోయింది, మిక్స్‌డ్ డబుల్స్ జోడీ ఇంకా ఉన్నది."

"గది జోడీయా? ఆమె ఒక దేశంల ఆడుకుంట తిరుగుతది, ఆయన ఇంకో దేశంల. ఇద్దరు ఎయిర్‌పోర్టుల కలిసిండ్రంట. గది జోడీ కాదు బిడ్డా, బస్సుల పక్కపక్క సీటు!"

గాజుల అక్క ఒకామె చేతికి గాజులు ఎక్కిస్తూనే అందుకుంది. "పెండ్లిల గూడ పిల్ల, పిలగాడు గట్లనే కలుస్తరు కాకా. కాపురాలు చేస్తలేరా?"

అందరూ నవ్వారు. కాక మొహం ఎర్రబడింది. ఆ ఊపులో నేను మీసం మెలేశాను. (అప్పటికి మెలేయడానికి సరిపడా లేదు, ప్రయత్నించానంతే.) "గాళ్లు బంగారం తెస్తరు కాకా!"

"తెస్తరా? షరతు కడ్తవా?" అంటూ భుజం మీది తువ్వాల తీశాడు కాక. "ఓడితే ప్లేటు మిర్చీ బజ్జీలు."

తువ్వాల కప్పుకుని చేతులు కలిపాం. లోపల కాక నా వేలు ఒక్కటి పట్టుకున్నాడు. ఒకటంటే బంగారం. బజ్జీలకు బంగారం, చవక షరతే, ఒప్పుకుంటే అయిపోయేది. కానీ అవతలివాడు మొదట అన్నదానికి ఒప్పుకోవడం మా వంశంలో లేదు. నేను వేలు విడిపించుకుని రెండు వేళ్లు ఇచ్చాను. వెండి వచ్చినా నేను గెలిచినట్టే అని.

"రెండా? అట్లయితే షరతు పెరుగుతది. వారం రోజులు నా దుకాణం నువ్వే ఊడ్వాలె."

"సరే గని కాకా..." అని మూడో వేలు కూడా కలిపాను.

కాక కళ్లజోడు పైనుంచి నన్ను చూశాడు. "కంచు గూడ లెక్కనేనా? సరే. ఇగ ఇను. ఓడితే నెల రోజులు నువ్వు బేరం చెయ్యొద్దు. ఎవడు ఎంతంటే గంత ఇచ్చి రావాలె. నోరు తెరువొద్దు."

"వద్దు తమ్మీ!" అంది గాజుల అక్క. ఆమె చేతిలోని గాజు చిట్లింది.

నాకు వినిపిస్తేగా! బంగారాన్ని కంచుదాకా దించానన్న మత్తులో ఉన్నాను. ఒక పక్క దిగుతున్నది చూసుకున్నాను గానీ, ఇంకో పక్క ఎక్కుతున్నది చూసుకోలేదు. "నేను గెలిస్తే?" అన్నాను. "నెల రోజులు బోధన్ క్లబ్బు ముచ్చట ఎత్తొద్దు" అని నా షరతు కూడా చెప్పాను. కాక చెయ్యి మొత్తం పట్టి ఊపాడు. అక్క సాక్షి.

ఆ మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్తే అవ్వ (మా దిక్కు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం) పళ్లెం ముందు కూర్చోబెట్టి, తీరిగ్గా అంది. "వచ్చే సోమారం పెద్దోని పెండ్లి బట్టలకు పోదాం. లగ్గం చీరలు, చుట్టాలకు పెట్టుబడి చీరలు, అన్ని ఒక్కకాడనే. నువ్వున్నవని ధైర్యం బిడ్డా. మీ బాపుకు నోరు లేవది, పెద్దోడు పిల్ల దిక్కే సూస్తడు."

నోటిదాకా వచ్చిన ముద్దను పళ్లెంలో పెట్టేశాను. అన్న పెళ్లి సంగతి నేను మరిచిపోలేదు. పెళ్లికి బట్టలు కొంటారన్న సంగతే మరిచిపోయాను. యాభై చీరలు, అడిగిన ధరకు! అవ్వ అటు తిరిగి నెయ్యి వేస్తుంటే ఆమె వీపు చూసి నాకు ఏడుపొచ్చింది. షరతు విషయం చెప్తే తువ్వాలతోనే ఉరేస్తుంది. చెప్పకపోతే బట్టల దుకాణంలో యజమాని "ఇంత" అనగానే నేను బుద్ధుడిలా కూర్చోవాలి.

ఓడితే ఎలా ఉంటుందో ముందే అలవాటు చేసుకుందామని మర్నాడు కూరగాయల మార్కెట్‌కు పోయాను. వర్ని ఊరి నుంచి వచ్చే ఒక ముసలామె దగ్గర ఎప్పుడూ టమాటాలు తీసుకునేవాణ్ని. కిలో ముప్పై అంది. నేను పళ్లు బిగబట్టి ముప్పై తీసి ఇచ్చాను. ఆమె నోట్లు తీసుకోలేదు. నా మొహంలోకి చూసింది.

"ఏమైంది బిడ్డా, పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది అవ్వా. తీస్కో."

ఆమె నోట్లను ఎండకెత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. పక్క గంప ఆమెకు చూపించింది. దొంగ నోట్లు కావని తేలాక ఇంకా భయపడింది. "ఇంట్ల ఎవలన్న పోయిండ్రా ఏంది?" అని గుప్పెడు కొత్తిమీర, నాలుగు పచ్చిమిరపకాయలు సంచిలో వేసి, "ధైర్యంగ ఉండు" అంది. నాకు నిజంగానే కళ్లు చెమర్చాయి.

ఇక ఆ జోడీ గెలవడం నాకు దేశభక్తి మాత్రమే కాదు, ప్రాణసంకటం. వాళ్లు ఒక్కో మ్యాచ్ గెలుస్తూ సెమీఫైనల్ దాకా వచ్చారు. శుక్రవారం మధ్యాహ్నం గల్లీ మొత్తం గాజుల అక్క దుకాణం ముందు నిలబడింది. మొదటి సెట్టు మనది. రెండోది వాళ్లది. మూడో సెట్టుకు బదులు పది పాయింట్ల పోరు పెట్టారు. మన జోడీలో ఆమె వల దగ్గర బంతిని కొట్టిన ప్రతిసారీ నేను పక్కవాడి భుజం కొట్టాను. కాక కుడిచెయ్యి గాలిలో సున్నం గీతలు గీస్తోంది. చివర రెండు పాయింట్ల దగ్గర మనవాడు కొట్టిన బంతి గీత మీద పడిందో, బయట పడిందో... "లోపల! లోపలనే పడ్డది! నా కండ్లతోని సూసిన!" అని అరిచింది ఎవరనుకున్నారు? బోధన్ కాక. అంపైర్ మాత్రం బయట అన్నాడు. ఓడిపోయాం.

నేను మెట్ల మీద కూలబడ్డాను. కాక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. షరతు గెలిచినవాడి మొహం కాదది. "మంచిగ ఆడిండ్రు" అన్నాడు, తనలో తాను. తర్వాత నా పక్కన కూర్చుని, "ఫికర్ చెయ్యకు. ఓడిన రెండు జోడీలకు ఇంకో ఆట ఉంటది, కంచు కోసం. గది గెలుస్తరేమో" అన్నాడు.

శనివారం ఆ ఆట కోసం పొద్దున్నుంచీ టీవీ ముందు కాపలా కాశాను. విలువిద్య వచ్చింది, కుస్తీ వచ్చింది, గుర్రాలు వచ్చాయి, టెన్నిస్ రాలేదు. ఆదివారం కూడా రాలేదు. అక్క నా బాధ చూడలేక ఛానెళ్లన్నీ తిప్పింది. నా ఫోనులో నెట్ తెరుచుకునేలోపు బ్యాటరీ అయిపోయేది. ఆదివారం కాక దుకాణం తెరవలేదు. ఆడకుండానే ఓడిపోయామేమో అనుకున్నాను.

సోమవారం పొద్దున ఆటో వచ్చింది. అవ్వ పెట్టుబడి చీరల చీటీ పట్టుకుని ఎక్కింది. బాపు ఎక్కాడు. అన్న తల దువ్వుకుని ఎక్కాడు. నేను బలికి వెళ్లే మేకలా ఒక కాలు లోపల పెట్టాను. అప్పుడు గల్లీ చివర నుంచి కాక వస్తూ కనిపించాడు. చంకలో పేపరు. దగ్గరికొచ్చి భుజం మీది తువ్వాల తీసి నా చేతి మీద కప్పాడు. లోపల నా వేళ్లు పట్టుకున్నాడు. ఒకటి. రెండు. మూడు.

నాకు అర్థం కాలేదు. పేపరు తెరిచి చూపించాడు. ఆటల పేజీలో మూలకు అగ్గిపెట్టెంత బొమ్మ. మన జోడీ మెడల్లో పతకాలు. "మూడో స్థానానికి ఆట లేదంట బిడ్డా. సెమీస్‌ల ఓడిన రెండు జోడీలకు కంచు ఇచ్చిండ్రు. ఇద్దరికి ఇద్దరికి."

ఓడినవాళ్లకు పతకమిచ్చిన ఆ మహానుభావులెవరో నాకు తెలియదు గానీ, ఆ నిమిషం వాళ్ల కాళ్లు మొక్కాలనిపించింది. కాకను గట్టిగా పట్టుకుని ఊపేశాను. "ఏమైందిరా?" అంది అవ్వ. "ఏం లేదే అవ్వా, దేశం గెలిచింది, పోదాం పా!" అన్నాను. ఆ రోజు బట్టల దుకాణంలో నేను చేసిన బేరం గురించి నేను చెప్పుకోకూడదు. మూడు రోజులు కట్టేసిన నోరు కదా. యజమాని చివరకు చీరలతోపాటు సంచులు కూడా ఊరికే ఇచ్చి, "తమ్మీ, ఇంకో పెండ్లి ఉంటే పక్క దుకాణానికి వో" అని చేతులు జోడించాడు. అవ్వ ఆటోలో నా తల నిమిరింది.

కాక మాట తప్పలేదు. మంగళవారం బోధన్ క్లబ్బు లేదు. బుధవారం లేదు. గొడుగు పుల్లలు సరిచేస్తూ కూర్చున్నాడు. గల్లీ చల్లబడిపోయింది. పొగగొట్టం నీడ ఏ వేళకు కోర్టు మీద పడేదో చెప్పేవాళ్లు లేకపోతే టీ వేళ కూడా తెలియడం లేదు. గురువారం గాజుల అక్క నన్ను పిలిచి, "పోరా, పోయి బేరం చెయ్యి" అంది. నేను బాపు తువ్వాల తీసుకుపోయి కాక చేతి మీద కప్పాను. నెలను మూడు రోజులకు దించాను. నా జీవితంలో అవతలివాడు మొదటి మాటకే ఒప్పుకున్న బేరం అదొక్కటే. చెయ్యి ఊపీ ఊపకముందే "మా ఇంజినీరు సాబ్ ఒకసారి..." అని మొదలుపెట్టాడు.

ఆ పేపరు ఆదివారానిది. దాన్ని కాక సోమవారమే చూశాడా, లేక ఆదివారమే చూసి, దుకాణం మూసుకుని, ఒక రోజంతా తనతో తానే బేరం చేసుకున్నాడా అన్నది నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు. ఎదురు దుకాణంలో ఇప్పుడు ఫోన్లకు అద్దాలు అతికిస్తున్నారు.

నేను కూడా మారాను. ఫోనులో ధర పక్కనే కొట్టేసిన పాత ధర ఉంటుంది. బేరం నా తరఫున ఎవరో చేసేసి పెట్టారు, నేను నోరు తెరవకుండా కొంటాను. కాక పెట్టిన షరతు నెల రోజులకు తప్పించుకున్నాను గానీ, చివరికి జీవితాంతం ఓడిపోయాననిపిస్తుంది. మొన్న మన టెన్నిస్ వాళ్లు మళ్లీ ఎక్కడో తొందరగా ఇంటిదారి పట్టారని చదివాను. ఫోనులో జనం తిట్టుకుంటున్నారు, పేరూ మొహం లేని జనం. తల తుడుచుకుంటున్న తువ్వాల ఒళ్లో ఉంది. ఎవరూ చూడటం లేదు కదా అని దాని కింద చెయ్యి పెట్టి, మూడు వేళ్లు ముందుకు చాపాను. పట్టుకునేవాళ్లు లేరు. అయినా కాసేపు అలాగే ఉంచాను.