వాలుకు అడ్డంగా

జైతున్‌బీ ఒక్కతే మా పక్క చేలో మిరప వేస్తుంది. చేను వాలుగా ఉండడంతో వాన పడితే నీళ్ళు సాళ్ళ వెంట ఉరికేవి. మెత్తటి మట్టి నీళ్ళలో కలిసిపోయేది, ఇసుక దొర్లుకుంటూ పోయేది. గులకరాళ్ళ మధ్య మొక్కల వేళ్ళు బయటపడేవి.

ఈసారి పొయ్యిలోకి దాచుకున్న పత్తికట్టెలన్నీ వాలుకు అడ్డంగా పరిచింది.

"ఏం అత్తా, వంట మానేశావా?" అన్నాడు ట్రాక్టరు తోలే ముబీన్.

"నువ్వు అడ్డంగా దున్నుంటే నాకీ తిప్పలెందుకురా?"

మధ్యాహ్నం వాన దంచి వెలిసింది. కట్టెల దగ్గర నీటి ఉరుకు తగ్గి మట్టి అక్కడే పేరుకుంది. మొక్కలు నిలిచాయి. జైతున్‌బీ ఎవరికైనా చూపిద్దామని చుట్టూ చూసింది. మా గట్టు మీద నేను తప్ప ఎవరూ లేరు. నేను గట్టు దిగి వెళ్ళి, ఆ మట్టిలో వేళ్ళు గుచ్చాను.

"రెండు వేళ్ళ మందం ఉందమ్మా" అన్నాను.

ఇన్నేళ్ళలో ఆమెతో నా మొదటి మాట అదే.