ఇంకా చెట్లున్నాయి

మా నాన్న సంగతి ఇంతకు ముందే రాయాల్సింది. కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. యాభై నాలుగో ఏట మా పొదుపు సంఘం ఆడవాళ్లతో కలిసి టీచరమ్మ దగ్గర పలక పట్టాను. సంతకం వచ్చాక మిగతావాళ్లు మానేశారు, నేను మానలేదు. ఒత్తులు కుదిరేసరికి రెండేళ్లు పట్టింది. ఆ తర్వాత కూడా "మా నాన్న, కల్లు" అని రాసి కొట్టేసేదాన్ని. చదివినవాళ్లు ఆయన్ని తాగుబోతు అనుకుంటారేమోనని భయం. ఆయన తాగుబోతు కాడు. ఆ మాట నలుగురికీ తెలిసేలా రాయడం ఇప్పటికి చేతనైంది.

మా నాన్న కల్లు గీసేవాడు. పాలకొల్లు దగ్గర మా ఊళ్లో కాలువ గట్టు మీదా, చేల గట్ల మీదా ఉన్న తాడిచెట్లలో ఆయన ఎక్కనిది లేదు. నడుముకు మోకు బిగించి ఎక్కితే కింద నిలబడ్డ నాకు ఆయన పాదాలు మాత్రం కనిపించేవి. దిగాక చెట్టు కింద చేరినవాళ్లకు తాటాకు దొప్పల్లో పోసేవాడు. తాను మాత్రం తాగేవాడు కాదు. సాయంత్రం ఆఖరి చెట్టు దిగి, ఇంటికొచ్చి, మోకు వసారాలో మేకుకు తగిలించి, కాళ్లు కడుక్కున్నాక ఒక్క దొప్ప తాగేవాడు. రెండోది తాగగా నేను చూడలేదు.

ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి. నాలుగేళ్ల కిందట మతిమరుపు మొదలైంది. ముందు కాలువ దారి మర్చిపోయాడు. తర్వాత అమ్మ పోయిన సంగతి మర్చిపోయాడు. ఇప్పుడు నా పేరు కూడా లేదు, "అమ్మా" అంటాడు, అంతే. నా దగ్గరకు తెచ్చుకున్నాను. మోకు కూడా తెచ్చి మా వసారాలో తగిలించాను. అన్నీ పోయినా ఆ సాయంత్రపు దొప్ప మాత్రం ఆయనకు గుర్తుంది. చిక్కేమిటంటే, తాగినట్టు గుర్తుండదు. మూతి తుడుచుకున్న కాసేపటికే, "ఏమ్మా, ఇంకా పొయ్యలేదే?" అనేవాడు.

నేనూ తమ్ముడూ ఆయన్ని రాజమండ్రి తీసుకెళ్లినప్పుడు డాక్టరు గారిని అడిగాను.

"సాయంత్రం ఒక్క దొప్ప కల్లు ఇవ్వొచ్చాండి?"

"వద్దమ్మా. ఆయన వేసుకునే మాత్రలకీ దానికీ పడదు. తూలి పడిపోతారు. మందు మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దు."

తిరిగి వస్తుంటే బ్రిడ్జి మీద తమ్ముడు ఆటో నడుపుతూనే నవ్వాడు. "విన్నావా అక్కా? డాక్టరు గారే చెప్పారు, మందు ఆపొద్దని."

"ఆ మందు కాదురా."

"ఏ మందో నేనన్నానా?"

నా సంచిలోంచి నోటుపుస్తకం తీసి వాడి మొహం ముందు పెట్టాను. డాక్టరు గారి గదిలోనే రాసుకున్నాను: మాత్రలు ఆపకూడదు, కల్లు పొయ్యకూడదు.

"అబ్బో! అక్షరాలు వచ్చాక మా అక్క కలెక్టరు గారైపోయిందండోయ్," అన్నాడు.

నవ్వులాటకే అన్నాడనుకున్నాను. తర్వాతి ఆదివారం నేను కూరగాయలకు వెళ్లినప్పుడు మంచినీళ్ల సీసాలో కల్లు తెచ్చాడు. నాన్న తాగి, మర్చిపోయి, మళ్లీ అడిగాడు. వీడు మళ్లీ పోశాడు. నేనొచ్చేసరికి నాన్న నూతి చప్టా మీద పడి ఉన్నాడు. మోచెయ్యి దోక్కుపోయి రక్తం కారుతోంది. తమ్ముడు తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు, మొహాన నెత్తురు చుక్క లేదు.

కట్టు కట్టాక వాడికి మళ్లీ నోరొచ్చింది. "ఇంకెన్నాళ్లుంటాడే? ఉన్న ఆ ఒక్క సరదా కూడా లాగేసుకుంటావా?"

"సరదా తీరిందని ఆయనకి గుర్తుంటే కదరా! తాగింది గుర్తుండదు, పడింది గుర్తుండదు. నొప్పి ఒక్కటే మిగులుద్ది."

వాడు ఒప్పుకోలేదు. నిజం చెప్పాలంటే నాకూ లోపల పీకుతూనే ఉంది. జీవితమంతా ఊరికి కల్లు పోసిన మనిషికి ఒక్క దొప్ప లేదనడానికి నేనెవరిని?

మర్నాటి నుంచి పూర్తిగా మానిపించాను. దొప్పలో మజ్జిగ పోసి ఇస్తే ఒక గుక్క తాగి ఉమ్మేశాడు. "నాకు మజ్జిగ ఇచ్చి కల్లంటావా? ఎవరి దగ్గర?" అన్నాడు. అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. రోజూ అడుగుతూనే ఉన్నాడు, నేను ఏదో ఒక సాకు చెబుతూనే ఉన్నాను.

ఒకరోజు మధ్యాహ్నం అప్పటికి పదిసార్లు అడిగి ఉంటాడు. విసిగిపోయి అబద్ధమాడేశాను.

"పొద్దున్నే తాగావు కదా నాన్నా!"

ఆయన మొహం చూసి నా చేతిలో చేట ఆగిపోయింది. అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"పొద్దున్నా? ఎక్కాల్సిన చెట్లుండగానా?"

చేట కింద పెట్టాను.

"చెట్లుండగా తాగానా నేను?" అంటూ నుదురు కొట్టుకున్నాడు. మొలతాడు తడుముకుని, లేని మోకు విప్పడం మొదలుపెట్టాడు. "ఇంక ఎక్కనమ్మా. తాగి చెట్టెక్కినోడు మనిషి కాదు. ఇంక ఎక్కను." కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి.

అప్పుడు అర్థమైంది. మనకు మధ్యాహ్నమే గానీ, ఆయన లోపల పని ముగిసి సాయంత్రమైంది, అందుకే దొప్ప అడుగుతున్నాడు. పొద్దున్న అంటే గట్టు మీద చెట్లు ఇంకా ఆయన కోసం చూస్తుండే వేళ. ఎన్నడూ చెయ్యని తప్పు చేశాడని నా నోటితో నేనే చెప్పాను. చదివినవాళ్లు అనుకుంటారేమోనని ఇన్నాళ్లూ భయపడిన మాట, చివరికి అన్నది నేనే.

ఆ వెంటనే చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. చెట్టు కింద కూర్చున్న రైతులు, "నువ్వూ ఒక దొప్ప పుచ్చుకోవయ్యా," అనేవారు. ఎవరన్నా, ఎన్నిసార్లన్నా ఆయన జవాబు ఒకటే.

ఆయన ముందు కూర్చుని చేతులు పట్టుకున్నాను. "నువ్వు తాగలేదు నాన్నా. నేనే పొరబడ్డాను. నువ్వెలా తాగుతావు? ఇంకా చెట్లున్నాయి."

నా వైపు తిరిగాడు. "ఎన్ని?"

"కాలువ గట్టు మీద రెండు."

"అదీ! ముందే చెప్పొద్దూ?" అని మొహం తుడుచుకుని నిటారుగా కూర్చున్నాడు.

ఆ సాయంత్రం తమ్ముడు వచ్చాడు. సంచిలో సీసా ఉంది. "ఒక్క చుక్కే అక్కా, నేను పక్కనే ఉంటాను," అంటూ దొప్పలో పోసి అందించాడు. నేను అడ్డం వెళ్లేలోపు నాన్నే చెయ్యెత్తాడు.

"వద్దురా. ఇంకా చెట్లున్నాయి. దిగాక చూద్దాం."

తమ్ముడు చాచిన దొప్ప వెనక్కి తీసుకున్నాడు. వాడికీ ఆ మాట తెలుసు, చిన్నప్పుడు వాడూ ఆ చెట్ల కిందే ఆడుకున్నాడు. పెరట్లోకి వెళ్లి, దొప్పలోదీ సీసాలోదీ కొబ్బరి మొదట్లో పారబోసి వచ్చాడు. "కలెక్టరు గారూ, మీరే గెలిచారు," అన్నాడు, ఖాళీ సీసా సంచిలో పెట్టుకుంటూ.

గెలిచింది నేను కాదు. ఆ జబ్బు మా అమ్మని తీసేసింది, నా పేరు తీసేసింది, ఇంటి దారి తీసేసింది. ఆయన పనికి ఆయనే పెట్టుకున్న కట్టుబాటును మాత్రం తియ్యలేకపోయింది. అలాంటివాడి కూతుర్ని నేను. ఇప్పటికీ కొన్ని పూటలు ఆ మాట పనిచెయ్యదు, కల్లు కోసం పిల్లాడిలా ఏడుస్తాడు. పక్కన కూర్చుంటాను. చాలా పూటలు పనిచేస్తుంది.

మర్నాడు పొద్దున్నే చిప్పలో సున్నం కలిపి, కొబ్బరి పీచు ముంచి, వసారా గోడ మీద మోకు పక్కన పెద్ద అక్షరాలతో రాశాను: ఇంకా చెట్లున్నాయి. చూడ్డానికొచ్చే చుట్టాలు సీసాతో వస్తే ఏం చెప్పాలో వాళ్లకూ తెలియాలి కదా.

నాన్న కర్ర పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఆయనకు చదువు రాదు.

"ఏంటమ్మా ఇది?"

"నువ్వనే మాటే నాన్నా."

ఒక అక్షరం మీద వేలు రాసి, రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. కల్లు పులవకుండా కుండలకు సున్నం పూసిన చెయ్యి అది.

"పల్చనైంది. నిలవదు," అన్నాడు.

ఇంకాస్త సున్నం కలిపి, అవే అక్షరాల మీద మళ్లీ దిద్దాను.