వెనక తలుపు మీద తడి రంగు

పడుకోవడానికి బల్లలు, వండుకోవడానికి గ్యాస్ పొయ్యి ఉన్న పాత వ్యాన్ ఒకటి కొన్నాం. యాత్రలకని. షెడ్డుకు ఇవ్వడం దేనికని, ఈ రోజు రాజోలులో మా ఇంటి గేటు లోపలే నిలబెట్టి నేనే మరమ్మతుకు దిగాను. సొట్టలకు లప్పం పెట్టాను. వెనక తలుపు మీద పసుపు మరక కనిపిస్తే ఉప్పుకాగితంతో గీకేసి తెల్లరంగు వేశాను. ఎవరూ ముట్టుకోకుండా గేటుకు తాళం వేసి భోజనానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి తడి రంగులో చిన్న చేతి ముద్ర. మా ఇంట్లో పిల్లలు లేరు. తిట్టుకుంటూ బ్రష్‌తో సరిచేసి, కాపలాగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. టీ గ్లాసు అందుకోవడానికి తల తిప్పానంతే, మళ్ళీ అక్కడే పడింది.

వ్యాన్ అమ్మిన ఆలమూరు ఆయనకు ఫోన్ చేశాను. కూతురు పోయాక దాన్ని చూడలేక అమ్మేస్తున్నానని కొన్న రోజునే చెప్పారాయన. నేను విషయం ఎత్తకముందే అడిగారు.

"వెనక తలుపుకి రంగేసేరాండీ?"

"ఆయ్, వేశానండీ. అక్కడేదో మరకుంటే గీకేశాను."

"మరక కాదండీ. ఐనవిల్లి గుడి దగ్గర బండికి పూజ చేయించినప్పుడు మా పాప చేత పసుపు చెయ్యి వేయించేం. చూడలేక మేమూ ఓసారి రంగేసేం. నిలవలేదండీ." మెల్లిగా అడిగారు. "పాప బాగుందాండీ?"

"బాగుందండీ" అనేశాను.

రంగు డబ్బాకు మూత పెట్టేశాను. మీరైతే ఆ ముద్ర మీద రెండో కోటు వేస్తారా? రేపే ప్రయాణం. ఫోన్ మాటలు విన్న మా ఆవిడ వ్యాన్ లోపల ఇంకో చిన్న దిండు సర్దింది.