మైకు పోయిన ఫోను

వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని, చాలాసేపు ఒక్క మాటా మాట్లాడలేదు. మధ్యమధ్య ఫోను ముందుకు తెచ్చి ఒక అంకె నొక్కి, మళ్లీ వినేది.

ఆమె ఫోను పెట్టేశాక, ఉండబట్టలేక అడిగాను.

"మైకు ఖరాబైంది సారూ. నాకు ఇనవడ్తది గని నా మాట అటు పోదు. అంకె నొక్కితే మా బిడ్డకు కుయ్యిమంటది. ఇంటున్ననని ఎరుకైతది."

కూతురు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోందట. మాట్లాడమని నా ఫోను ఇవ్వబోయాను. ఆవిడ నా చేతిని మెల్లగా వెనక్కి నెట్టింది.

"వద్దు సారూ. అది సదువు బంద్ జేస్త అనంగనే నేను తిట్టేది, అది ఫోను పెట్టేసేది. గీ వారం సంది తిట్టనీకి రాదు గదా, అన్నీ చెప్తున్నది. ఇయ్యాల ఏడ్చింది. వార్డుల ఒక ముసలామె దాని చెయ్యి పట్టుకొనే పానం ఇడిచిందంట. గందుకే భయపడ్డది, పిచ్చిది."

"మరి ఫోను బాగుచేయించరా?"

"చేపిస్త. జర దాన్ని మొత్తం చెప్పుకోనియ్యి."

ఆవిడ పెద్దేముల్‌లో దిగిపోయింది.

కొన్ని నెలల తర్వాత మా అబ్బాయి ఫోను చేసి, ఉద్యోగం మానేయాలని ఉందన్నాడు. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను.

"నాన్నా, ఉన్నావా?"

"ఉన్నాను, చెప్పు" అన్నాను.

వాడు చెప్పడం మొదలుపెట్టాడు.